నిమ్మచుక్క పడిన బండ

ఎర్రగుంట్ల రోడ్డులో మాది నాపరాళ్ల పాలిష్ అంగడి.
బండలు కొనేదానికి వచ్చినోళ్లకు
ఇరవై ఏండ్లుగా ఒకటే మాట చెప్పి పంపుతా:
"దీని మీద నిమ్మకాయ కోయొద్దమ్మా.
చింతపులుసు ఒలికితే ముందు నీళ్లు పోయండి.
రుద్దొద్దు.
రుద్దితే నునుపు పోతుంది, మళ్లీ రాదు."

ఆ మాట నా నోటికి గూడా చెప్పుకోవాలని
నాకు యాడ తెలుసు?

నా పేరు పుల్లమ్మ.
నూట ముప్పై కిలోల పుల్ల.
వేబ్రిడ్జి కాడ లారీ కాశింపీరా అనేటోడు,
అక్క దిగితే గానీ లోడు లెక్క తేలదని.
నేనూ నవ్వేదాన్ని.
నవ్వడానికి అప్పుడు పండ్లన్నీ ఉండె.

కిందటేడు కడపలో పొట్ట కోయించుకుంటి.
సంచంత ఉన్నదాన్ని అరటికాయంత చేసినారు.
బరువు దిగింది.
మోకాళ్లు నా మాట వినబట్టె.
గాజులు మోచేతి దాకా ఎక్కి దిగుతా ఉండె.
మూడు పూటల కంచం పోయి
రోజుకు ఎనిమిది మాట్లు చిట్టిగిన్నె,
నడుమ నడుమ గ్లూకోసు నీళ్లు, గుక్క గుక్క.
ఒక్క మెతుకు ఎక్కువైతే
గొంతులోకి పులినీళ్లు.

రాత్రి రెండింటికి
పెరట్లో తొట్టికాడ కక్కుకొని,
నోరంతా చేదు,
వెంటనే బ్రష్షు తీసుకొని
పేస్టు దండిగా పెట్టి
పాలిష్ మిషన్ తిప్పినట్టు రుద్దేదాన్ని.
శుభ్రమనే అనుకుంటి.
మా కుళ్లాయప్ప నిద్దట్లోనే అడిగె ఒకరోజు,
"ఇంత రాత్రి మిషన్ ఎవురు వేసినార్రా" అని.

రాయి కొరికి విరిగిందంటే
నలుగురిలో చెప్పుకోవచ్చు.
సంగటిలో విరిగింది నా పన్ను.
సంగటిలో!
మింగేదే గానీ నమిలేది లేని సంగటిలో.
నాలుకతో తడిమితే
కోత బ్లేడు వదిలిపోయిన అంచు.

ప్రొద్దుటూరులో డాక్టర్ ఫర్హత్
లైటు దించి, చిన్న అద్దం లోపల పెట్టి
శానాసేపు మాట్లాడలేదు.
తర్వాత అడిగె:
"పొట్ట ఆపరేషన్ అయిందా?"
పంటికీ పొట్టకీ ఏం సంబంధమమ్మా అంటి.
ముందుపండ్ల వెనకతట్టు చూపించె.
పసుపురంగు, నునుపు లేదు,
పులుపు తాగిన బండ.
ఎవరు చూపించకున్నా నేను గుర్తుపడతా ఆ మచ్చను.

"కక్కిన వెంటనే రుద్దొద్దు.
నీళ్లలో చిటికెడు వంటసోడా కలిపి
పుక్కిలించి ఉమ్మేయండి.
అరగంట ఆగి మెత్తని బ్రష్షు.
గుక్క గుక్కకూ తీపినీళ్లు మానండి,
ఉత్తనీళ్లు తాగండి.
కాల్షియం మాత్రలు వేసుకుంటున్నారా?"
లేదు. సన్నబడినాక మందెందుకని
డబ్బా బీరువా మీద పెట్టింటి.
"ఇన్నిసార్లు వాంతి కావడం మామూలు కాదు,
కోసిన డాక్టరుకు చెప్పండి. ఈ వారమే."

రుద్దొద్దు.
నా మాటే,
ఇంకొకరి నోట్లోంచి తిరిగొచ్చి
నా నోట్లో పడింది.
నోట్లో అద్దముండగానే నవ్వొచ్చె.
ఫర్హత్ భయపడి చెయ్యి తీసేసింది.

ఇప్పుడు రాత్రిళ్లు తక్కువ,
కానీ వస్తాయి.
సోడానీళ్లు పుక్కిలించి
తొట్టి పక్క బండ మీద కూర్చుంటా.
బ్రష్షు ఒళ్లో పెట్టుకొని,
తడి పెట్టకుండా.
సిమెంటు ఫ్యాక్టరీ లైట్లు,
దూరంగా వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు.
అరగంట ఇంత పొడుగని తెలీదు.
బతుకులో నోటి విషయంలో
ఎప్పుడూ ఆగిందాన్ని కాదు.
నోట్లో రుచి ఇంకా ఉంది, చెయ్యి తీటపెడతా ఉంది.
కింద బండను వేలితో రాస్తా,
ఇరవై ఏండ్ల కిందటిది, చల్లగా, నునుపుగా,
దీని మీద ఎవర్నీ నిమ్మకాయ కోయనీలేదు నేను.

లోపల్నుంచి కుళ్లాయప్ప,
"అయిందా?"

ఇంకా పదకొండు నిమిషాలు.